యుద్ధం ఎలా ఉంటుందో చూపినందుకు మూసేసిన ప్రదర్శన: హాడ్జెస్ గీసిన రేవు పట్టణం ఏమైంది?

1795 జనవరి చివరి రోజులు. లండన్‌లోని ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లో విలియం హాడ్జెస్ చిత్రాల ప్రదర్శన నడుస్తోంది. అందులో ముఖ్యమైనవి రెండు పెద్ద చిత్రాలు. ఒకదాని పేరు 'శాంతి ఫలాలు'. రెండోదాని పేరు 'యుద్ధ పర్యవసానాలు'.

రెండింటిలోనూ ఉన్నది ఒకే చోటు, ఒక రేవు పట్టణం. మొదటి చిత్రంలో ఆ రేవు ఓడలతో, వ్యాపారంతో కళకళలాడుతోంది. రెండో చిత్రంలో అదే రేవు మీదుగా యుద్ధం నడిచి వెళ్లింది.

ఆ ప్రదర్శనకు మూడో జార్జి రాజు రెండో కొడుకు ఫ్రెడరిక్, అంటే డ్యూక్ ఆఫ్ యార్క్ వచ్చారు. బొమ్మలు చూశారు. ప్రదర్శన మూసేయమన్నారు.

చిత్రకారుడిగా హాడ్జెస్ జీవితం అక్కడితో ముగిసింది. ఆ తర్వాత రెండేళ్లకే ఆయన చనిపోయారు. ఆ రెండు చిత్రాలు ఇప్పుడు ఏ మ్యూజియం గోడ మీదా లేవు. కళా చరిత్ర పుస్తకాల్లో వాటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా కనిపించే మాట ఒకటే: జాడ తెలియదు.

లండన్‌లో మూతపడిన బొమ్మల కొలువుతో తెలుగువాళ్లకు ఏం పని అనిపించవచ్చు. కానీ హాడ్జెస్ యుద్ధాన్ని దగ్గర నుంచి చూసింది ఇంగ్లండులో కాదు, చెన్నపట్నంలో. గుంటూరు నుంచి కదిలి వెళ్లి నాశనమైన సైన్యం, విశాఖపట్నం ఒడ్డున ఓడ ఎక్కబోమని తిరగబడిన సిపాయిలు ఆ యుద్ధంలోని వాళ్లే.

కమ్మరి కొడుకు, కుక్ ఓడ

హాడ్జెస్ 1744లో లండన్‌లో పుట్టారు. తండ్రి కమ్మరి. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక డ్రాయింగ్ స్కూల్లో చిల్లర పనులు చేసేవారు. అక్కడే గీయడం నేర్చుకుని, ప్రకృతి దృశ్యాలు గీయడంలో అప్పట్లో పేరున్న రిచర్డ్ విల్సన్ దగ్గర శిష్యుడిగా చేరారు.

1772లో ఆయనకు ఎవరూ ఊహించని ఉద్యోగం దొరికింది. కెప్టెన్ జేమ్స్ కుక్ రెండోసారి ప్రపంచయాత్రకు బయల్దేరుతున్నారు. 'రిజల్యూషన్' ఓడ మీద చిత్రకారుడు కావాలి. కెమెరా లేని కాలం అది. కొత్తగా కనిపించిన తీరం, ద్వీపం, మంచుకొండ, ఏదైనా సరే ఎవరో ఒకరు గీస్తేనే రికార్డు. మూడేళ్ల పాటు హాడ్జెస్ చేసింది అదే. తాహితీ తీరాలు, న్యూజిలాండ్ అఖాతాలు, దక్షిణ ధ్రువం వైపున్న మంచు సముద్రం, అన్నీ ఆయన కుంచె నుంచే యూరప్‌కు చేరాయి. తిరిగి వచ్చాక నౌకాదళ శాఖ జీతమిచ్చి మరీ ఆ స్కెచ్‌లను పెద్ద తైలవర్ణ చిత్రాలుగా మార్పించింది.

అంత చేసినా లండన్‌లో ఆయనకు స్థిరమైన బతుకుతెరువు దొరకలేదు. దాంతో భారతదేశానికి బయల్దేరారు. ప్రకృతి దృశ్యాలు గీయడమే వృత్తిగా ఉండి, ఇక్కడికి వచ్చిన మొదటి ఇంగ్లిష్ చిత్రకారుడు ఆయనే. అంతకుముందు వచ్చినవాళ్లు నవాబుల, కంపెనీ అధికారుల ముఖచిత్రాలు గీసి డబ్బు చేసుకునేవాళ్లు.

1780, చెన్నపట్నం ఒడ్డు

హాడ్జెస్ దిగిన మద్రాసుకు అప్పటికి ఓడరేవు లేదు. ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. అక్కడి నుంచి మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకు తెచ్చేవి మసూలా పడవలు. వాటి చెక్కల్ని మేకులతో బిగించరు, కొబ్బరి నార తాడుతో కుట్టేస్తారు. మేకులు కొట్టిన ఇంగ్లిష్ పడవ ఆ కెరటాల దెబ్బకు విరిగిపోయేచోట, కుట్టిన పడవ వంగి మళ్లీ లేచేది. ఆ పడవలు నడిపే పల్లెకారుల నేర్పు మీదే కంపెనీ వ్యాపారం మొత్తం ఆధారపడి ఉండేది. ఈ సంగతి కంపెనీ చరిత్రల్లో చాలాసార్లు ఫుట్‌నోట్‌గానే మిగిలిపోతుంది.

ఆ ఊరికి తెలుగువాళ్లతో ఉన్న సంబంధం కొత్తది కాదు. 1639లో కంపెనీకి ఆ ఇసుక తీరాన్ని ఇచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయింది.

సముద్రం మీద నుంచి చూసిన ఆ నగరం హాడ్జెస్‌కు ఎంతో నచ్చింది. ఆల్చిప్పల సున్నంతో పాలరాయిలా మెరిసేలా పూత పూసిన భవనాలు, వాటి స్తంభాలు, ఒడ్డున తెల్లటి మస్లిన్ బట్టల్లో మనుషులు. 1793లో అచ్చువేసిన తన యాత్రా గ్రంథంలో ఆయన ఈ తొలి చూపు గురించి మురిసిపోతూ రాశారు. ఆయన మనసులో నిలిచిన 'శాంతి'కి రూపం ఏదైనా ఉంటే, ఆ ఉదయపు తీరం అందులో ఉండకుండా ఉండదు.

అయితే అది కొన్ని నెలల ముచ్చటే. 1780 జులైలో మైసూరు పాలకుడు హైదర్ అలీ భారీ సైన్యంతో కనుమలు దిగి కర్ణాటక మైదానంలోకి వచ్చారు. పల్లెలు తగలబడ్డాయి. మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని జనం మద్రాసు కోట వైపు పరుగెత్తారు. ఊళ్లకు ఊళ్లు ఇలా తరలివచ్చిన తీరును హాడ్జెస్ కళ్లారా చూసి రాశారు.

అప్పుడు కల్నల్ విలియం బెయిలీ సైన్యం గుంటూరు ప్రాంతంలో ఉంది. మద్రాసును కాపాడటానికి వెంటనే రమ్మన్నారు. బెయిలీ దక్షిణానికి నడిచారు గానీ, కాంచీపురం దగ్గర ఉన్న సర్ హెక్టర్ మన్రో సైన్యాన్ని కలుసుకోలేకపోయారు. సెప్టెంబర్ 10న పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పు సేనలు ఆ దళాన్ని తుడిచిపెట్టాయి. బెయిలీ బందీగా శ్రీరంగపట్నం చేరి, అక్కడే చనిపోయారు. మన్రో తన పెద్ద ఫిరంగుల్ని కాంచీపురం గుడి కోనేట్లో పడేసి మద్రాసుకు వెనుదిరిగారు.

మూడు వారాల తర్వాత, అక్టోబర్ 3న విశాఖపట్నంలో ఇంకో ఘటన జరిగింది. ఉత్తర సర్కారుల సిపాయిల్ని ఓడలో మద్రాసుకు పంపి హైదర్ మీద యుద్ధానికి దించాలని కంపెనీ నిర్ణయించింది. ఓడ ఎక్కే సమయానికి సిపాయిలు ఎక్కబోమన్నారు. తుపాకులు పేలాయి. ఇంగ్లిష్ అధికారులు కొందరు చనిపోయారు. 1857కు 77 ఏళ్ల ముందు, ఒక తెలుగు రేవులో జరిగిన సిపాయి తిరుగుబాటు ఇది. దాన్ని ఏ చిత్రకారుడూ గీయలేదు. హాడ్జెస్ అప్పుడు మద్రాసులో అనారోగ్యంతో, నగరం దాటి వెళ్లలేక చిక్కుకుని ఉన్నారు.

1781 ఫిబ్రవరిలో ఆయన కలకత్తాకు ఓడ ఎక్కారు. అక్కడ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ ఆయనకు పోషకుడయ్యారు. అదే ఏడాది హేస్టింగ్స్ వెంట కాశీకి వెళితే అక్కడా యుద్ధమే ఎదురైంది. రాజా చేత్ సింగ్ మనుషులు తిరగబడటంతో హేస్టింగ్స్ రాత్రికి రాత్రి చునార్ కోటకు పారిపోవాల్సి వచ్చింది. 1783 చివర్లో భారత్ వదిలే నాటికి హాడ్జెస్ రెండు యుద్ధాల్ని దగ్గర నుంచి చూసి ఉన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. హాడ్జెస్‌ను వలసపాలన వ్యతిరేకిగా ఊహించుకోకూడదు. ఆయన తిన్నది కంపెనీ కూడే. తన పుస్తకంలో హేస్టింగ్స్‌ను మెచ్చుకున్నారు, హైదర్‌ను దుర్మార్గుడిగానే చూశారు. ఎవరి యుద్ధం న్యాయమైనదన్న చర్చ ఆయనకు పట్టలేదు. ఆయన కంటికి ఆనింది, యుద్ధం వచ్చినప్పుడు ఊరు ఏమవుతుందన్నదే. తర్వాత లండన్‌లో ఆయన కొంప ముంచింది కూడా ఆ చూపే.

'కింది వర్గాల మనసు చెడిపోతుంది'

లండన్ తిరిగి వెళ్లాక కొన్నేళ్లు బాగానే గడిచాయి. భారతదేశ దృశ్యాలతో 48 చిత్రాల పుస్తకం తెచ్చారు. 1787లో రాయల్ అకాడమీలో పూర్తి సభ్యత్వం వచ్చింది. కానీ విమర్శకులు ఆయన్ని దూరదేశాల వింతలు గీసే మనిషిగానే చూశారు. ప్రకృతి దృశ్యం అంటే అలంకారమని, నీతి చెప్పే గౌరవం పురాణ, చారిత్రక ఘట్టాలు గీసేవాళ్లదని ఆనాటి లెక్క. ఆ లెక్క తప్పని చూపించడానికే హాడ్జెస్ ఈ రెండు రేవు చిత్రాలు గీశారు. ఒక చెట్టూ ఒక ఒడ్డూ కూడా నీతి చెప్పగలవన్నది ఆయన పట్టుదల. ఆ ఉద్దేశాన్ని ప్రదర్శనతో పాటు అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఆయనే వివరించారు.

ఎంచుకున్న సమయం మాత్రం ఘోరమైనది. 1793 నుంచి బ్రిటన్ విప్లవ ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉంది. ఫ్లాండర్స్‌లో బ్రిటిష్ సేనకు నాయకత్వం వహించింది సాక్షాత్తూ డ్యూక్ ఆఫ్ యార్కే. 1794 మేలో టూర్‌క్వాన్ దగ్గర దెబ్బ తిని, ఆ తర్వాత వెనక్కి తగ్గుతూ, ఏడాది చివరికి లండన్ పిలుపు మీద ఇంటికి వచ్చేశారు. అలా వచ్చిన కొద్ది వారాలకే 'యుద్ధ పర్యవసానాలు' అనే బొమ్మ ముందు నిలబడ్డారు.

డ్యూక్ ఏమన్నారన్నది, హాడ్జెస్‌ను ఎరిగిన చిత్రకారుడు ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్ తర్వాత గ్రంథస్థం చేశారు. సారాంశం ఇది: యుద్ధ ఫలితాలు ఎప్పుడూ విచారకరమే, అందులో వాదన లేదు. కానీ వాటిని బొమ్మగట్టి చూపితే కింది వర్గాల మనసుల్లో ప్రజాశాంతికి సరిపడని భావాలు నాటుకుంటాయి. జనం గోల పెరగడం తప్ప కష్టం తీరదు. కాబట్టి చిత్రకారులు ఇలాంటి పనులు పెట్టుకోకూడదు.

ఈ తర్కం ఎక్కడో విన్నట్టుందే అని పాఠకులకు అనిపిస్తే అది వాళ్ల తప్పు కాదు. బొమ్మ అబద్ధం చెబుతోందని డ్యూక్ అనలేదు. నిజమే చెబుతోంది గనక చూపొద్దన్నారు.

కొద్ది రోజులకే, 1795 ఫిబ్రవరిలో, ఓడి వచ్చిన డ్యూక్‌కు ఫీల్డ్ మార్షల్ హోదా దక్కింది. హాడ్జెస్ బొమ్మలు వేలానికి వెళ్లాయి. వచ్చింది స్వల్పమే. కుంచె, రంగులు పక్కన పెట్టి ఆయన డెవన్ తీరంలోని డార్ట్‌మత్‌కు కుటుంబంతో వెళ్లి, ఒక చిన్న బ్యాంకులో భాగస్వామిగా చేరారు.

యుద్ధం అక్కడికీ వచ్చింది. 1797 ఫిబ్రవరి 22న ఫ్రెంచి సైనికుల చిన్న దళం ఒకటి వేల్స్‌లోని ఫిష్‌గార్డ్ దగ్గర ఒడ్డుకు దిగింది. రెండు రోజుల్లోనే వాళ్లు లొంగిపోయారు. కానీ ఆ వార్తకు దేశమంతా జనం బ్యాంకుల మీద పడ్డారు. నోట్లకు బంగారం ఇవ్వడాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే ఆపేయాల్సి వచ్చింది. ఆ తాకిడికి కూలిన చిన్న బ్యాంకుల్లో హాడ్జెస్‌దీ ఒకటి. మార్చి మొదట్లో ఆయన చనిపోయారు. వయసు 52. కడుపులో వ్యాధి అని రాశారు గానీ, నల్లమందు ద్రావణం ఎక్కువగా తీసుకున్నారన్న వదంతి అప్పట్లోనే పుట్టింది. ఆయన భార్య కూడా కొన్ని నెలలకే కన్నుమూశారు.

చిత్రం 'పోవడం' అంటే ఏమిటి?

బొమ్మ పోయిందంటే సాధారణంగా దొంగతనమో అగ్నిప్రమాదమో గుర్తొస్తుంది. పాత చిత్రాల్లో చాలావాటి కథ అలా ఉండదు. వాటికి జరిగేది ఇంకా మామూలు సంగతి. కాగితం తెగిపోతుంది. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందన్న గొలుసులో ఒక్క లంకె ఊడితే చాలు. గుడ్డ, రంగు, చట్రం ఏదో ఇంట్లో క్షేమంగానే ఉండొచ్చు. కానీ అది ఎవరిదో, ఏమిటో చెప్పేవాళ్లు ఉండరు.

హాడ్జెస్ విషయంలో ఆ లంకెలు ఊడటానికి కారణాలు చాలానే కలిశాయి. ప్రదర్శన మూతపడటంతో బొమ్మల్ని చూసినవాళ్లు తగ్గారు. వేలంలో కారుచౌకగా పోయిన వస్తువు గురించి కొన్నవాళ్లూ జాగ్రత్తలు రాసుకోరు. చిత్రకారుడు, ఆయన భార్య వెంటవెంటనే చనిపోయారు. ఇంట్లో లెక్క చెప్పే పెద్దవాళ్లు లేరు. పోషకుడు హేస్టింగ్స్ కొనుక్కున్న చిత్రాలు సైతం ఆయన వారసుల తర్వాత 1853లో డేల్స్‌ఫోర్డ్ భవనంతో పాటు అమ్మకానికి వచ్చి చెల్లాచెదురయ్యాయి. ఇక పోషకుడే లేని బొమ్మల సంగతి చెప్పేదేముంది.

రేవు చిత్రాలకు ఇంకో చిక్కు ఉంది. కాశీ ఘాట్లు గీసిన బొమ్మ అయితే పేరు చెరిగిపోయినా చోటును బట్టి పోల్చుకోవచ్చు. హాడ్జెస్ గీసిన ఆ రేవు ఏ ఊరిదీ కాదు. 'పద్దెనిమిదో శతాబ్దపు ఓడరేవు, ఇంగ్లిష్ శైలి' అని వేలం కేటలాగులో ఒక్క ముక్క రాస్తే ఇక దాన్ని పట్టుకోవడం కష్టం. పైగా అవి జంట చిత్రాలు. జంటలు విడిపోవడం సులువు. శాంతి బొమ్మను ఎవరైనా హాల్లో వేలాడదీసుకుంటారు. తగలబడిన ఊరిని భోజనాల బల్ల ఎదుట పెట్టుకునేవాళ్లు అరుదు.

ఇదే యుద్ధాన్ని గెలిచినవాళ్లు కూడా బొమ్మగా గీయించుకున్నారు. పొల్లిలూరు విజయాన్ని టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ మహల్ గోడ మీద పెద్దగా చిత్రింపజేశారు. మధ్యలో పల్లకిలో బెయిలీ, చుట్టూ మైసూరు అశ్వదళం. వానకు, ఎండకు దెబ్బతిని, తర్వాత ఎన్నోసార్లు రంగులు తిరగవేయించుకున్నా ఇవాళ్టికీ అది చూడొచ్చు. గోడను చుట్టచుట్టి వేలానికి పంపడం కుదరదు కదా.

రైలు పట్టా లోపల, రంగు పొర కింద

పోయిందనుకున్న హాడ్జెస్ చిత్రం ఒకటి మాత్రం బయటపడింది. అదీ ఒక రేవు బొమ్మ కిందనుంచే. లండన్ గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఆయన గీసిన 'పికర్స్‌గిల్ హార్బర్' చిత్రం ఉంది. 1773 ఏప్రిల్, న్యూజిలాండ్ డస్కీ బే. దట్టమైన చెట్ల మధ్య, ఒడ్డుకు ఆనుకుని నిలిచిన కుక్ ఓడ. ఓడ నుంచి నేలకు వంతెనలా ఒక చెట్టు మాను. దాని మీద నడుస్తున్న మనిషి.

ఇరవయ్యేళ్ల కిందట సంరక్షణ నిపుణులు ఆ చిత్రానికి ఎక్స్‌రే తీస్తే, ఆ అడవి కింద మంచుకొండలు కనిపించాయి. కుక్ ఓడ 1773 జనవరి 17న అంటార్కిటిక్ వలయం దాటింది. ఆ మంచు సముద్రంలో చూసినదాన్ని హాడ్జెస్ ముందు గీసి, కొన్ని వారాల తర్వాత దాని మీదే న్యూజిలాండ్ తీరాన్ని వేసేశారు. ఓడ మీద సామాను కొరత ఉంటుంది, ఉన్నదాన్నే మళ్లీ వాడుకోవాలి. అంటార్కిటికా ప్రాంతానికి సంబంధించి ఇప్పటిదాకా తెలిసిన తొలి వర్ణచిత్రం అదే. రెండు శతాబ్దాలకు పైగా అందరి కళ్లముందే ఉండి కూడా అది ఎవరికీ కనపడలేదు.

ఈ పనిలోని కీలకం భిలాయి సెక్టర్ 4 లాంటి చోట ఉండేవాళ్లకు సులువుగానే అర్థమవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగాలకు వెళ్లి ఆ క్వార్టర్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. భారతీయ రైల్వేకు పట్టాలు తయారుచేసే మిల్లు వాళ్ల ప్లాంటులో ఉంది. అక్కడ తయారైన పట్టాను కోసి చూడరు. అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు. లోపలికి పంపిన ధ్వని తరంగం పగులు తగిలితే వెనక్కి వస్తుంది. వెల్డింగ్ అతుకుల్ని, పోత ఇనుమును పరీక్షించడానికి రేడియోగ్రఫీ వాడతారు. లోహం దట్టంగా ఉన్నచోట కిరణాలు ఆగిపోతాయి, బుడగ ఉన్నచోట దాటిపోతాయి. ఫిల్ము మీద ఆ తేడా కనిపిస్తుంది.

చిత్రాల్లోనూ సూత్రం అదే. పాతకాలపు తెల్ల రంగును సీసంతో చేసేవాళ్లు. సీసం ఎక్స్‌రేను ఆపేస్తుంది. చెట్ల ఆకుపచ్చలు, మట్టి రంగులు అంతగా ఆపవు. అందుకే పైనున్న అడవి ఎక్స్‌రేలో పలచబడిపోయి, కింద తెల్ల సీసంతో గీసిన మంచుకొండలు తేలి వచ్చాయి. కమ్మరి కొడుకు గీసిన బొమ్మ లోగుట్టును ఇనుము పరీక్షించే పద్ధతే బయటపెట్టింది.

అయితే ఎక్స్‌రేకు ముందు బొమ్మ చేతిలో ఉండాలి. 'శాంతి ఫలాలు' విషయంలో లేనిది అదే.

నిలిచినవి ఎందుకు నిలిచాయి

హాడ్జెస్ చిత్రాల్లో ఏవి మిగిలాయో చూస్తే ఒక సంగతి తేలుతుంది. కుక్ యాత్ర చిత్రాలు నౌకాదళ శాఖ సొత్తు కాబట్టి మిగిలాయి. 1787లో గీసిన 'కాశీ ఘాట్లు' రాయల్ అకాడమీ సభ్యత్వం కోసం ఆ సంస్థకే ఇచ్చినది కాబట్టి ఇప్పటికీ అక్కడే ఉంది. గంగ ఒడ్డు మెట్లు, గుళ్లు, వాటి వెనక ఆలంగీర్ మసీదు మినార్లు, ఆనాటి కాశీ తీరం ఎలా ఉండేదో చెప్పడానికి చరిత్రకారులకు ఇప్పటికీ అక్కరకొచ్చే బొమ్మలు హాడ్జెస్‌వి. వీటికి ఒక సంస్థ, ఒక రిజిస్టరు, ఒక నంబరు ఉన్నాయి. సొంతంగా, ఎవరూ అడగకుండా, తన మనసులో మాట కోసం గీసుకున్న రెండు బొమ్మలకే ఏదీ లేకపోయింది.

గోదావరి ఒడ్డున దీనికి కాస్త ఊరటనిచ్చే కథ ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఇంగ్లిష్ చిత్రకారుడు, కవి ఆస్వాల్డ్ కూల్డ్రే తన విద్యార్థుల్లోని కళను గుర్తించి పెంచారు. వాళ్లలో అడివి బాపిరాజు ఉన్నారు, దామెర్ల రామారావు ఉన్నారు. బొంబాయి జేజే స్కూల్లో చదివి వచ్చిన రామారావు 1925లో మశూచితో చనిపోయేనాటికి ఇంకా 28 నిండలేదు. ఆయన బొమ్మలూ వేలంలోనో, అటకల మీదో కలిసిపోవాల్సినవే. భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం, మరికొందరు వాటిని ఒకచోట నిలబెట్టారు. రాజమండ్రిలోని దామెర్ల ఆర్ట్ గ్యాలరీ అలా మిగిలిందే. దాని నిర్వహణ మీద ఫిర్యాదులు చాలాకాలంగా ఉన్నాయి. అయినా బొమ్మలు ఎక్కడున్నాయో తెలుసు, ఎవరివో తెలుసు.

ఇళ్లలోని బొమ్మల సంగతి వేరు. కంపెనీ క్వార్టర్లలో ఉండే కుటుంబాలకు ఇది ఇంకా దగ్గరి విషయం. రిటైరయ్యాక ఇల్లు అప్పగించాలి. ముప్పయ్యేళ్ల సామాను వారంలో సర్దాలి. తాత చేత్తో గీసిన నది బొమ్మో, ఎవరో తెలియని దొర సంతకం ఉన్న నీటిరంగుల చిత్రమో పాత ఇనుప సామాను వాడి బండెక్కేది అప్పుడే. బొమ్మ ముందు వైపు కంటే వెనక వైపు ఎక్కువ చెబుతుందని మ్యూజియం వాళ్లు అంటారు. చట్రం కట్టిన దుకాణం చీటీ, పెన్సిలుతో రాసిన పేరు, వేలం నంబరు, కస్టమ్స్ ముద్ర అక్కడే ఉంటాయి. అద్దం పగిలిందని కొత్త ఫ్రేము కట్టించినప్పుడు మొదట చెత్తబుట్టలోకి వెళ్లేది ఆ వెనక అట్టే. ఫోనుతో ముందు, వెనక ఒక్కో ఫొటో తీసి, ఎవరిచ్చారో ఇంట్లో పెద్దవాళ్లనడిగి రెండు ముక్కలు రాసుకుంటే ఆ లంకె నిలుస్తుంది.

హాడ్జెస్ చిత్రాలన్నిటినీ లెక్కగట్టి ఇసబెల్ స్ట్యూబ్ 1979లో ఒక గ్రంథం తెచ్చారు. 2004లో గ్రీనిచ్‌లో ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన జరిగింది. ఆయన్ని కుక్ వెనక నిలబడ్డ బొమ్మలవాడిగా కాకుండా, స్వతంత్రమైన చిత్రకారుడిగా చూడటం అప్పటి నుంచి పెరిగింది. పేరు పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే అటకలు తెరుచుకుంటాయి. పేరులేని పాత ఓడరేవు చిత్రాలు వేలానికి వచ్చినప్పుడు నిపుణులు చూసేది ఓడలను మాత్రమే కాదు. అదే కొలతలో, అదే ఒడ్డు వంపుతో ఇంకో బొమ్మ ఎక్కడైనా ఉందా అని కూడా వెతుకుతారు.